ఊపిరితిత్తులకూ గుండెకూ మధ్య దారి చూపిన హకీం ఇబ్నె నఫీస్

ఇబ్నె సీనా పేరు విననివారు మనలో తక్కువ. ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ, అందులోని ఒక పెద్ద తప్పును నిర్మొహమాటంగా ఎత్తి చూపిన ఇబ్నె నఫీస్ పేరు మాత్రం చదువుకున్న ఇళ్ళల్లో కూడా వినపడదు. ఉర్దూ మీడియం పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకే ఈయన సంగతి ఆలస్యంగా తెలిసింది.

అలావుద్దీన్ ఇబ్నె నఫీస్ 1213 ప్రాంతంలో డెమాస్కస్ దగ్గర జన్మించారు. ఆ నగరంలో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ కట్టించిన నూరీ ఆసుపత్రిలో, దఖ్వార్ అనే ప్రసిద్ధ వైద్యుని వద్ద వైద్యం నేర్చుకున్నారు. తరువాత కైరో చేరి అక్కడే స్థిరపడ్డారు. వైద్యంతో పాటు మస్రూరియా మదరసాలో షాఫయీ ధర్మశాస్త్రం కూడా బోధించేవారు. రాయడానికి కూర్చుంటే ముందుగానే చెక్కిన కలాలు పక్కన పెట్టించుకునేవారట. ఏ పుస్తకమూ తిరగెయ్యకుండా, గోడ వైపు తిరిగి రాసుకుంటూ పోయేవారు. ఒక కలం అరిగితే పారేసి మరొకటి అందుకునేవారు. ఒకసారి హమామ్‌లో స్నానం మధ్యలో బయటికొచ్చి, కలం కాగితం తెప్పించుకుని, నాడి మీద ఒక వ్యాసం రాసేసి, మళ్ళీ వెళ్ళి స్నానం ముగించారని పాత చరిత్రకారులు రాశారు. నాడి అంటే అంత పిచ్చి ఆయనకు!

అప్పటికి వెయ్యేళ్ళకు పైగా వైద్యులంతా జాలీనూస్ (యూరప్ వారి గేలన్) మాటే నమ్ముతున్నారు. గుండె కుడి గదిలోని రక్తం, మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా ఎడమ గదికి చేరుతుందని ఆయన సిద్ధాంతం. ఇబ్నె సీనా కూడా దాన్ని కాదనలేదు. 1242లో, ఇంకా ముప్ఫై నిండని ఇబ్నె నఫీస్ అది తప్పన్నారు. ఆ గోడ దళసరిది, అందులో కనిపించే రంధ్రాలూ లేవు, కనిపించని రంధ్రాలూ లేవు. కుడి గది రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడ పరుచుకుని, గాలితో కలిసి, ఆ తరువాతే ఎడమ గదికి వస్తుందని వాదించారు. శవాలను కోయడానికి దీనీ నియమమూ, తనలోని దయా అడ్డొచ్చాయని ఆయనే రాసుకున్నారు. అయినా ఏదో చూడకుండా ఇంత ఖచ్చితంగా చెప్పగలరా అని పండితులు నేటికీ తర్కించుకుంటున్నారు. ఒళ్ళంతా రక్తం తిరిగే సంగతి మాత్రం ఆయన కనిపెట్టలేదు. ఆ ఘనత 1628లో హార్వేది. మనవాడు కదా అని లేని గొప్ప అంటగట్టడం నాకిష్టం లేదు.

ఈ దారి ఎందుకు అంత ముఖ్యమో నాకు మా నానీ జబ్బు వల్ల అర్థమయ్యింది. ఆమె జీవితమంతా కట్టెల పొయ్యి ఊదుతూ గడిపింది. ఎడతెగని దగ్గు, ఆయాసం. అది వయసు మీద పడ్డ దమ్ము అనుకున్నాం. తరువాత పాదాలు వాచాయి. మూత్రపిండాలేమోనని ఉప్పు మాన్పించి కూర్చున్నాం. చివరికి డాక్టరు గారు ఆమె మెడ నరం చూసి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది, గుండె అలసిపోయింది అన్నారు. కాళ్ళు వాస్తే వీపు చూస్తాడేమిటని ఇంట్లో అందరం గొణుక్కున్నాం.

ఆయన చెప్పిందే నిజం. గుండె కుడి గది పలుచని గోడది. ఎడమ గది ఒళ్ళంతటికీ రక్తం కొట్టాలి గనుక దాని గోడ మందం. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు, అక్కడి ఒత్తిడి మామూలు బి.పి.లో ఆరో వంతు దాకానే. పొగ వల్ల, బీడీ వల్ల గాలి గదులు పాడైతే వాటిని చుట్టిన సన్నని నాళాలూ పోతాయి. ఆక్సిజన్ తగ్గేసరికి మిగిలిన నాళాలు ముడుచుకుంటాయి. పైగా ఆక్సిజన్ చాలక శరీరం ఎర్రకణాలు ఎక్కువ చేసుకుంటే రక్తం చిక్కబడుతుంది. ఇరుకైన దారిలో తోసి తోసి కుడి గది బలిసి, సాగి, చివరికి చేతులెత్తేస్తుంది. ముందుకు పోలేని రక్తం వెనుక నిలిచి మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, పాదాలు వాస్తాయి. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన ఇలాంటి రోగులకు ఇంటి వద్ద రోజుకు 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1981లో బ్రిటన్ వైద్యులు పరీక్షించి తేల్చారు. మా నానీ విషయంలో అప్పటికే ఆలస్యమయ్యింది.

ఇబ్నె నఫీస్ 1288 డిసెంబరులో కైరోలో మరణించారు. ఆఖరి జబ్బులో మందుగా సారాయి పుచ్చుకోమని వైద్యులు చెబితే, దాన్ని కడుపులో పెట్టుకుని అల్లాహ్ ఎదుటికి పోనని నిరాకరించారట. తన ఇల్లూ, గ్రంథాలయమూ సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్ చేశారు. ఆయన రాసిన మూజజ్ అనే సంగ్రహ గ్రంథాన్ని మన దేశపు హకీములు తరతరాలుగా చదివారు. గుండె సంగతి రాసిన వ్యాఖ్యానం మాత్రం మరుగున పడింది. ఇదే మాటను యూరప్‌లో సెర్వెటస్ 1553లో, కొలంబో 1559లో రాశారు.

1924లో ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు యువ డాక్టరు జర్మనీలో చదువుకుంటూ, బెర్లిన్ గ్రంథాలయంలో ఆ వ్యాఖ్యానం రాతప్రతి చూసి దాని మీదే థీసిస్ రాశారు. గురువులు మొదట నమ్మలేక, కైరోలో ఉన్న మేయర్‌హోఫ్ అనే పండితునికి పంపి సరిచూపించారు. ఆయన చదివి, తతావీ రాసింది నిజమేనని లోకానికి తెలియజేశారు.