అనాథ బాలబంధువు థామస్ బర్నార్డో (1845–1905)

దిక్కులేనివారికి దేవుడే దిక్కని మన పెద్దలు చెప్పుదురు. అయినను ఆ దిక్కు మనుష్యుని రూపమున వచ్చిననే గాని ఆకలిగొన్న బిడ్డకు అన్నము దొరకదు. ఇంగ్లండు దేశమున ఇల్లు లేని బాలబాలికలకు అట్లు దిక్కైనవారిలో డాక్టర్ థామస్ జాన్ బర్నార్డో ముఖ్యుడు. ఆయన జీవితమున మన బిడ్డలు నేర్వదగిన మేలు గలదు. మనము మరువరాని హెచ్చరికయు గలదు.

బర్నార్డో 1845వ సంవత్సరము జూలై 4వ తేదీన ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున జన్మించెను. యౌవనమున క్రైస్తవ భక్తి గాఢమై, చీనా దేశమునకు పోయి మతసేవ చేయ సంకల్పించెను. అందులకై వైద్యవిద్య నేర్వగోరి 1866లో లండన్ చేరెను. ఆ యేటనే నగరపు తూర్పు పేటలలో కలరా వ్యాపించి మూడు వేలకు పైగా జనులు మరణించిరి. తల్లిదండ్రులను గోల్పోయిన పిల్లలు వీథులలో బిచ్చమెత్తుచుండిరి.

1867లో ఆయన స్టెప్నీ పేటయందు బీదపిల్లల కొక ఉచిత పాఠశాల స్థాపించెను. ఒక రాత్రి బడి ముగిసిన పిమ్మట జిమ్ జార్విస్ అను బాలుడు ఇంటికి పోక నిలిచియుండెను. పోవుట కతనికి ఇల్లే లేదు. ఆ బాలుడు దారి చూపగా, ఇండ్ల కప్పులమీద చలిలో ముడుచుకొని నిద్రించు పిల్లలను బర్నార్డో కన్నులార చూచెనట. చీనా ప్రయాణము మాని ఆయన లండనులోనే నిలిచిపోయెను.

1870లో స్టెప్నీ కాజ్‌వే అను వీథియందు బాలుర వసతిగృహము తెరచెను. మొదట ఉన్న చోటుకు మించి ఎవరిని చేర్చుకొనకుండెను. ఒకనాడు క్యారట్స్ అను మారుపేరు గల పదకొండేండ్ల బాలుడు ఆశ్రయము వేడగా, చోటు లేదని పంపివేసిరి. కొద్ది దినములకే ఆ బాలుడు ఆకలిచేతను చలిచేతను మరణించెను. అతని శవము ఖాళీ చక్కెర పీపాలో దొరకెనని బర్నార్డో వ్రాసియున్నాడు. చెరకు తోటలలో శ్రమించినవారి సంతతికి ఆ పీపాను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. నాటినుండి ఏ అనాథ బిడ్డకును ప్రవేశము నిరాకరింపబడదని ఆయన ద్వారమున పలక కట్టించెను.

1873లో సిరీ ఎల్మ్‌స్లీ అను యువతిని వివాహమాడెను. ఆ దంపతులు బార్కింగ్‌సైడ్ గ్రామమున 1876లో బాలికల పల్లెను నెలకొల్పిరి. పెద్ద శాలలో వందలమందిని కూర్చుటకు బదులు, చిన్నచిన్న ఇండ్లు కట్టి, ఇంటికొక తల్లిని నియమించిరి.

ఆయన పనిని అందరును మెచ్చలేదు. వైద్యపట్టము పొందకమునుపే డాక్టరని పిలిపించుకొనెననియు, ధనము దుర్వినియోగము చేసెననియు, జాలి పుట్టించుటకు పిల్లల ఛాయాచిత్రములను కల్పించెననియు నిందలు వచ్చెను. 1877లో మధ్యవర్తులు విచారించి ముఖ్యమైన నిందలనుండి ఆయనను విముక్తుని జేసిరి. ఛాయాచిత్రముల విషయమున మాత్రము తప్పు పట్టిరి. పట్టము నాయన 1876లో ఎడింబరోలో పొందియుండెను.

ఇంతకంటె బరువైన విషయ మొకటి గలదు. 1882 మొదలు ఆయన పిల్లలను ఓడలలో కెనడాకు పంపసాగెను. ఆయన సంస్థ మొత్తము సుమారు 30,000 మందిని అట్లు పంపెను. వారు ఒప్పందపత్రములతో పొలములలోను ఇండ్లలోను పనికి కుదర్పబడిరి. కొందరికి మంచి యజమానులు దొరకిరి. కొందరు దెబ్బలు తిని ఒంటరులై బ్రతికిరి. బ్రతికియున్న తల్లిదండ్రుల సమ్మతి లేకయే పంపబడినవారును గలరు. బిడ్డను మరలించుమని కోరిన ఒక తల్లి వ్యాజ్యమున 1891లో ఇంగ్లండు ప్రభువుల సభ బర్నార్డోకు ప్రతికూలముగ తీర్పు చెప్పెను.

మన పెద్దలలో మొదటివారు 1860 నవంబరు 16న ట్రూరో ఓడనుండి డర్బన్ రేవున దిగిరి. వారికిని గిరిమిట్టు పత్రములుండెను, పేరుతోపా టొక సంఖ్యయు నుండెను. సముద్రము దాటించబడిన బిడ్డ తన ఊరిని, తన వారిని ఎంతగా తలచునో మనకు తెలియును. తిండియు పడకయు మాత్రమే చాలవు. బిడ్డకు తనవారు కావలెను, తన పేరు తనకు నిలువవలెను.

బర్నార్డో 1905 సెప్టెంబరు 19న సర్బిటన్‌లో మరణించెను. ఆనాటికి 96 గృహములలో 8,500 మందికి పైగా పిల్లలు ఆశ్రయము పొందుచుండిరి. ఆయన చితాభస్మము బార్కింగ్‌సైడ్‌లో బాలికల పల్లెయందే ఉంచబడెను. 2010 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధానమంత్రి గార్డన్ బ్రౌన్, విదేశములకు పంపబడిన బాలలందరికిని పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. బర్నార్డో పేరిట సంస్థ నేటికిని గలదు. పాత అనాథగృహములు మూతపడినవి. ఇప్పుడది పిల్లలకు పెంపుడు కుటుంబములను చూపుచు, సంరక్షణ ముగిసి ఒంటరిగ నిలిచిన యువకులకు నిలువనీడ కల్పించుచున్నది.

ప్రియ సోదర సోదరీమణులారా, మన వీథులలోను ఇల్లు లేని యువకులు గలరు. చోటు లేదను మాట ఒక బాలుని ప్రాణము తీసెనని మరువకుందము. తలుపు తెరచునపుడు, వచ్చిన బిడ్డను నీ వారెవరని కూడ ఆదరముతో అడుగుదము.