ధవళేశ్వరానికి ముందూ వెనుకా: సైనిక ఇంజినీరు సర్ ఆర్థర్ కాటన్ కట్టడాలు, వాటికి ఎదురైన పరీక్షలు

టికియాపారా (హౌరా): రాజమహేంద్రవరం వద్ద గోదావరిని దాటిన రైలు ఒడిశా తీరం వెంబడి సాగి, ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరబోతున్నప్పుడు చివరగా వచ్చే చిన్న స్టేషన్ టికియాపారా. ఈ మార్గంలో తెలుగు ప్రయాణికులు గమనించకుండా దాటిపోయే ఊరు మరొకటి ఉంది. అది ఉలుబేరియా. మేదినీపూర్ నుంచి బయలుదేరిన పాత కాలువ అక్కడే హుగ్లీ నదిని కలుస్తుంది. ఆ కాలువ వెనుక ఉన్న ఆలోచన, ధవళేశ్వరం ఆనకట్ట వెనుక ఉన్న ఆలోచన ఒకే మనిషివి. ఆయన సర్ ఆర్థర్ థామస్ కాటన్. గోదావరి జిల్లాల్లో గుర్రం మీద కూర్చున్న విగ్రహంగా ఊరూరా కనిపించే ఈయనను డెల్టా దాతగా తెలియనివారు లేరు. అయితే ఆయన మొదట సైనికుడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన అధికారి. ఆయన కట్టడాలను అర్థం చేసుకోవాలంటే ఆ దళం పనితీరును, దానిపై అజమాయిషీ సాగిన తీరును కూడా తెలుసుకోవాలి.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తల్లిదండ్రులకు పదవ కుమారుడు. పదిహేనేళ్ళ వయసులో ఆడిస్కోంబ్‌లోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, ఇంజినీరింగ్ శిక్షణ ముగించుకొని 1821లో మద్రాసు చేరుకున్నారు. చీఫ్ ఇంజినీరు కార్యాలయంలో కొంతకాలం పనిచేసిన తరువాత దక్షిణ జిల్లాల చెరువుల శాఖకు వెళ్ళారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. తిరిగి వచ్చాక ఆయన జీవితం నదులకు అంకితమైంది.

ఆ కాలంలో మన దేశంలో ప్రత్యేకంగా పౌర ఇంజినీరింగ్ శాఖ అంటూ ఏదీ లేదు. కోటగోడ కట్టిన అధికారే వంతెన కట్టేవాడు. సైనికుల బారకాసులకు అంచనాలు వేసిన చేతితోనే చెరువుకట్టకూ అంచనా వేసేవాడు. కట్టినది గట్టిగా ఉందో లేదో చూడవలసిన బాధ్యత కూడా సైన్యానిదే. బెంగాల్‌లో సైనిక, పౌర నిర్మాణాలన్నీ కలకత్తాలోని మిలిటరీ బోర్డు అదుపులో ఉండేవి. మద్రాసులో అధికారం మూడు ముక్కలైంది. సైనిక కట్టడాలు మిలిటరీ బోర్డుకు, నీటిపారుదల పనులు రెవెన్యూ బోర్డుకు, రహదారులు ఒక సూపరింటెండెంటుకు అప్పగించారు.

ఈ పద్ధతిలోని లోపం పైకి కనిపించేది కాదు. కాగితం మీద తనిఖీ ఎంతో పకడ్బందీగా ఉండేది. ప్రతి అంచనా రాజధానికి వెళ్ళాలి, ప్రతి మరమ్మతుకూ అనుమతి రావాలి, ప్రతి ఖర్చుకూ లెక్క చూపాలి. కానీ బోర్డు సభ్యులు రాజధానిలో కూర్చునేవారు. ఇటుక ఎంత కాలిందో, సున్నం ఎంతకాలం నానిందో, పునాది ఇసుక మీద ఉందో రాతి మీద ఉందో వారికి తెలిసేది దస్త్రాల ద్వారానే. లెక్కల పరిశీలన ఏళ్ళ తరబడి వెనుకబడేది. పని చేయించిన అధికారే దానిని కొలిచి, కూలి చెల్లించి, నాణ్యతకు తానే సాక్ష్యం చెప్పుకొనే పరిస్థితి.

ఇటువంటి అజమాయిషీ ఎంత ఖరీదైనదో 1845 మే నెలలో లూధియానాలో తెలిసింది. గాలివానకు 50వ పటాలం బారకాసు ఒకటి కూలిపోయింది. అందులో తలదాచుకున్న సైనికులతో పాటు వారి భార్యలు, పిల్లలు కూడా అనేకులు మరణించారు. ఆ పటాలం యుద్ధభూమిలో లేదు, సొంత కప్పు కిందనే ఉంది.

కాటన్ ఈ వ్యవస్థలోనే పెరిగారు. కానీ నాణ్యతను తేల్చవలసినది బల్ల మీద కాదని ఆయనకు తంజావూరులోనే తెలిసింది. కావేరి డెల్టాకు ప్రాణాధారమైన కల్లణైని ఆయన శ్రద్ధగా పరిశీలించారు. చోళుల కాలం నుంచి నిలిచిన ఆ కట్టడానికి లోతైన పునాది లేదు. లోపల బంకమట్టిలో పేర్చిన ముతక రాళ్ళు, పైన సున్నంతో కట్టిన రాతి తొడుగు. వదులు ఇసుక మీద, రాతి నేల జాడ లేని చోట, శతాబ్దాల వరదలను అది తట్టుకుంది. ఐరోపా పాఠ్యగ్రంథాల ప్రకారం అది నిలవకూడని కట్టడం. తన పాఠ్యగ్రంథాన్ని పక్కన పెట్టి నిలిచిన కట్టడాన్నే ప్రమాణంగా తీసుకోవడం కాటన్ చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం. ఇసుకలో పునాది వేసే విద్యను తాము ఈ దేశపు పూర్వ నిర్మాతల వద్దే నేర్చుకున్నామని ఆయన తరువాత బాహాటంగా ఒప్పుకున్నారు.

ఆ పాఠంతోనే 1836లో కొళ్ళిడం మీద రెండు ఆనకట్టలు కట్టించారు. కావేరి పాయ పూడిపోయి, నీరంతా కొళ్ళిడంలోకి జారిపోతుండగా తంజావూరు సాగు కుంటుబడుతున్న సమయమది. ఆనకట్టలు నీటిని మళ్ళించాయి, పంటలు నిలిచాయి. అయితే ఎగువ ఆనకట్ట అనుకున్నదానికంటే ఎక్కువ పనిచేసింది. కావేరి పాయలోకి నీరు మితిమీరి వెళ్ళి దాని గర్భాన్ని కోయసాగింది. కొన్నేళ్ళకే ఆనకట్ట మధ్య భాగం ఎత్తు తగ్గించవలసి వచ్చింది. కావేరి ముఖద్వారంలో నది గర్భానికి అడ్డంగా ఒక గోడ కట్టవలసి వచ్చింది. కాటన్ గురించి భక్తితో రాసేవారు ఈ భాగాన్ని సాధారణంగా దాటవేస్తారు. దాటవేయనవసరం లేదు. రాయీ సున్నమూ బాగున్నాయి, లెక్క తప్పింది. నిర్మాణం ముగిసిన నాటి తనిఖీలో ఈ తప్పు దొరికేది కాదు. నది ఒకటి రెండు ఋతువులు పరీక్షించి చూసిన తరువాతే బయటపడింది.

ఆరోగ్యం దెబ్బతిని కాటన్ ఆస్ట్రేలియా వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లెర్మాంత్‌ను వివాహమాడి తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో సముద్రపు కోత నుంచి తీరాన్ని కాపాడేందుకు రాతి అడ్డుకట్టలు వేయించారు. అక్కడి నుంచి ఆయన చూపు గోదావరి వైపు మళ్ళింది.

అప్పటి రాజమహేంద్రవరం జిల్లా స్థితి దయనీయం. 1832-33 నాటి నందన కరువు గుంటూరు నుంచి గోదావరి దాకా పల్లెలను ఊడ్చుకుపోయింది. 1821లో 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది సముద్రంలో కలుస్తుండగా ఒడ్డున జనం ఆకలితో చనిపోయారు. జిల్లా దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఒక సమర్థుడైన ఇంజినీరు చేత నదిని పరిశీలింపజేయాలని 1844లో సిఫారసు చేశారు. ఆ పని కాటన్‌కు దక్కింది. ఆయన నివేదికలకు 1846లో ఆమోదం లభించగా, 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమైంది.

నది అక్కడ లంకలతో కలిపి సుమారు 6 కిలోమీటర్ల వెడల్పు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం దాదాపు 12 వేల అడుగుల పొడవున, 12 అడుగుల ఎత్తున ఆనకట్ట లేవాలి. అడుగున రాయి లేదు, ఇసుకే. ఇసుకలోకి తక్కువ లోతు బావులను వరుసగా దించి, వాటి మీద గోడలు కట్టి, గోడల మధ్య ఇసుక నింపి, పైన రాతికట్టు తొడుగు వేసే పద్ధతిని అనుసరించారు. దిగువన నీరు దూకే చోట పెద్ద పెద్ద రాళ్ళను పరుపుగా పేర్చారు. ధవళేశ్వరం కొండను తవ్వి రాయి తెచ్చారు. తొలి ఏడాదే వేలమంది పనివారు చేరారు.

వేసవిలోనే పని సాగాలి. జూన్ దాటితే నది అడ్డుకుంటుంది. ఇంత గడువులో ప్రతి బండి రాయికీ, ప్రతి గంప సున్నానికీ మద్రాసు నుంచి అనుమతి కోరుతూ కూర్చుంటే ఆనకట్ట ఎన్నటికీ లేవదు. అందుకే పర్యవేక్షణ నదిలోనే జరగవలసి వచ్చింది. సైనిక ఇంజినీర్లు, సార్జెంట్లు, మేస్త్రీలు పని చోటనే నివాసం ఏర్పరచుకున్నారు. పనివారిని సమకూర్చి, వారిని నిలబెట్టి, కాటన్ కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరు ఈ సందర్భంలో తప్పక చెప్పుకోవాలి. వందల మంది మేస్త్రీలకు తెలుగులో పని చెప్పగల వీరన్న లేకపోతే, దొరల కొలతలు కాగితం మీదనే ఉండిపోయేవి.

సున్నం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆనకట్ట ఆయువు అందులోనే ఉంది. కాల్చిన సున్నాన్ని తగినంత కాలం నానబెట్టాలి. గానుగలో ఇసుకతోనో ఇటుక పొడితోనో మెత్తగా ఆడించాలి. ఇటుకను గోడలో పెట్టేముందు నీటిలో ముంచకపోతే అది సున్నంలోని తడిని పీల్చేసి అతుకును బలహీనపరుస్తుంది. బాగా కాలిన ఇటుక తడితే కంగుమంటుంది, కాలనిది మందంగా పలుకుతుంది. అనుభవం గల మేస్త్రీకి ఇవన్నీ చేతి వేళ్ళలో ఉన్న విద్య. ఒకసారి గోడ లేచాక లోపలి సున్నం ఎటువంటిదో ఎవరూ చూడలేరు. కాబట్టి వేస్తున్నప్పుడు అక్కడ నిలబడి చూసినవాడే తనిఖీదారు.

1848లో ఎండదెబ్బకు కాటన్ కుప్పకూలి, సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. పని ఆగలేదు. కెప్టెన్ చార్లెస్ ఆర్ బాధ్యత స్వీకరించారు. అసంపూర్తి కట్టడాన్ని వరదలు దెబ్బతీయగా మళ్ళీ పూడ్చి ముందుకు సాగారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ ఆర్ దొరే తరువాత బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట నిర్మించారు.

కోనసీమకు నీరందించే గన్నవరం అక్విడక్టుది మరొక కథ. 49 ఖానాలతో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే ఆ కట్టడాన్ని యువ అధికారి హేగ్ ఒకే పని ఋతువులో ముగించారు. సున్నం పూర్తిగా గట్టిపడక ముందే వరద దానిని తాకింది. కట్టడం చెక్కుచెదరలేదు. ఏ బోర్డూ అంతటి కఠినమైన పరీక్ష పెట్టి ఉండేది కాదు. ఆ వంతెన పక్కనే 2000లో కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

ధవళేశ్వరం విజయం తరువాత పాత అజమాయిషీ పద్ధతికి కాలం చెల్లింది. ప్రజాపనుల నిర్వహణను విచారించేందుకు కంపెనీ డైరెక్టర్లు మూడు ప్రెసిడెన్సీల్లోనూ కమిషన్లు నియమింపజేశారు. మద్రాసు కమిషన్ 1852లో తొలి నివేదిక ఇచ్చింది. మూడు ముక్కలైన అధికారాన్ని ఒకే శాఖ కిందికి తేవాలని కోరింది. ఆ కమిషన్ సభ్యుల్లో కాటన్ తమ్ముడు ఫ్రెడరిక్ కూడా ఉన్నారన్నది గమనార్హం. అన్న వాదనలు ఆ నివేదికలోకి ఎంతవరకు ప్రవహించాయో పాఠకులే ఊహించవచ్చు. గవర్నర్ జనరల్ డల్హౌసీ కలకత్తాలో మిలిటరీ బోర్డును తొలగించి, 1854-55 ప్రాంతంలో పబ్లిక్ వర్క్స్ శాఖను నెలకొల్పారు. సైనిక కట్టడాలు కూడా చాలాకాలం ఆ శాఖలోనే ఉండి, 1923లో మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్ ఏర్పడినప్పుడు మళ్ళీ సైన్యానికి చేరాయి. చేసిన పనిని చేసిన చోటనే కొలిచి రాసి, పై అధికారి తిరిగి కొలిచి సంతకం చేసే కొలతల పుస్తకం నేటికీ ఈ రెండు శాఖల్లోనూ బిల్లుకు ఆధారం. మన ఊళ్ళలో గుత్తేదారులు దానినే ఎం బుక్ అంటారు.

కాటన్ 1858లో మహానది డెల్టాను పరిశీలించి నివేదిక ఇచ్చారు. నదులన్నిటినీ కాలువలతో కలిపి పడవల మీద సరుకు తరలించాలన్నది ఆయన కల. రైలు కంటే కాలువ చౌక అని ఆయన మొండిగా వాదించారు. ఒడిశాలోనూ మేదినీపూర్‌లోనూ ప్రైవేటు కంపెనీ ఈ పనులను చేపట్టింది గానీ పెట్టుబడి చాలక చేతులెత్తేసింది. 1868 చివర్లో ప్రభుత్వం వాటిని కొనుగోలు చేసింది. తుంగభద్ర నీటితో తలపెట్టిన కర్నూలు-కడప కాలువ కూడా నష్టాల్లో కూరుకుపోయి 1882లో ప్రభుత్వ పరమైంది. డెల్టాలో అద్భుతంగా నడిచిన లెక్క రాయలసీమ ఎగుడుదిగుడు నేలల్లో నడవలేదు. కాటన్ ఈ తేడాను తగినంత గుర్తించలేదనే చెప్పాలి. 1878లో బ్రిటిష్ పార్లమెంటు ఉపసంఘం ఎదుట ఆయన తన కాలువలను సమర్థించుకోవలసి వచ్చింది.

1860లో ఉద్యోగ విరమణ చేసి, 1861లో సర్ బిరుదు పొందిన కాటన్ చివరి రోజులు ఇంగ్లండులోని డోర్కింగ్‌లో గడిచాయి. అక్కడ నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ ఉండేవారు. ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర రాశారు.

ధవళేశ్వరం ఆనకట్ట మాత్రం పూర్తయిన రోజున ముగిసిన పని కాలేదు. దిగువ రాళ్ళ పరుపును వరద ఏటా కొంత లాగుకుపోయేది, ఇంజినీర్లు వేసవిలో మళ్ళీ రాళ్ళు పోసేవారు. అలా ఒక శతాబ్దానికి పైగా కాపాడుకున్న తరువాత, దాని స్థానంలో 1970లో మొదలైన కొత్త బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది. దానికి కాటన్ పేరే పెట్టారు. నేడు దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

మేదినీపూర్ కాలువలో 1870ల నుంచి పడవలు నడిచాయి. 1897లో గోదావరి మీద రైలు వంతెన నిర్మాణం మొదలైంది. కాటన్ 1899 జూలై 24న తన 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఖరగ్‌పూర్ నుంచి టికియాపారా మీదుగా హౌరాకు రైలు మార్గం పడింది. కాలువ సరుకు రైలెక్కింది.