మున్షీ ప్రేమ్‌చంద్: పట్టా విలువ, కలం విలువ

ప్రతి సంవత్సరం చేరికల వేళ భాషాశాఖల అధ్యాపకులమైన మేము ఒక ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు. తెలుగునో, ఉర్దూనో ప్రధాన విషయంగా చదివి పట్టభద్రుడైన వానికి నెలకు ఎంత ముడుతుందని తల్లిదండ్రులు అడుగుతారు. అడిగినవారిని మేము ఎన్నడూ తప్పు పట్టలేదు. అది ఆకలి ఎరిగినవారి ప్రశ్న. రచనకు, చదువుకు, రూపాయికి గల సంబంధమేమిటో తెలుసుకోదలచినవారు మున్షీ ప్రేమ్‌చంద్ జీవితాన్ని ఒకసారి పరిశీలించడం మేలని మా అభిప్రాయం.

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధనపత్ రాయ్. 1880 జూలై 31న కాశీ సమీపంలోని లమహీ గ్రామంలో జన్మించారు. పేరులో ధనం ఉన్నదే గాని ఇంట లేదు. తండ్రి తపాలా శాఖలో చిరుద్యోగి. ఎనిమిదేళ్ళ ప్రాయంలో తల్లి గతించింది. పదిహేనేళ్ళు నిండగానే వివాహం జరిగింది. 1897లో తండ్రి కూడ కన్నుమూయగా సవతి తల్లి, ఆమె సంతానం, భార్య, ఇందరి భారం ఆ బాలుని భుజాలపై పడింది.

ఆయన మెట్రిక్యులేషన్‌లో ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. కాశీలోని క్వీన్స్ కళాశాలలో ప్రథమ శ్రేణి వారికే ఫీజు మాఫీ ఉండేది. కనుక అక్కడ ద్వారం మూసుకొన్నది. హిందూ కళాశాలలో ప్రయత్నించగా గణిత పరీక్ష అడ్డు నిలిచింది. చదువుపై తృష్ణ ఉన్నది, తెలివి ఉన్నది, లేనివి ఫీజు రూపాయలు, గణితంలో మార్కులు మాత్రమే.

అప్పుడు ఒక వకీలు కుమారునికి చదువు చెప్పుటకు నెలకు ఐదు రూపాయలు కుదిరింది. గుర్రపుశాల పైనున్న మట్టి గదిలో నివాసం. రెండు రూపాయలతో తాను గడుపుకొని మూడు రూపాయలు ఇంటికి పంపాలని సంకల్పం. ఒకనాడు చేతిలో చిల్లిగవ్వ లేక, రెండు రూపాయలకు కొన్న లెక్కల పుస్తకాన్ని ఒక రూపాయికి అమ్మివేశారు. ఆ పుస్తకాల అంగడిలోనే ఒక చిన్న పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తారసపడి, చునార్‌లో పద్దెనిమిది రూపాయల ఉద్యోగం ఇవ్వజూపారు. అది 1899వ సంవత్సరం. మెట్రిక్ పట్టా ఐదు రూపాయల మనిషిని పద్దెనిమిది రూపాయల మనిషిని చేసింది. పట్టాకు గల ఆర్థిక విలువను ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ మాకు తెలియదు.

మరుసటి ఏడు బహ్రాయిచ్ ప్రభుత్వ పాఠశాలలో ఇరవై రూపాయల ఉద్యోగం లభించింది. పగలు పాఠాలు, రాత్రి రచన. కాన్పూరు నుండి వెలువడే జమానా ఉర్దూ పత్రికలో నవాబ్ రాయ్ అనే పేరుతో వ్రాసేవారు. 1908లో వెలువడిన సోజె వతన్ కథాసంపుటిలో ప్రభుత్వానికి రాజద్రోహం కనిపించింది. అప్పటికి ఆయన హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల తనిఖీ ఉద్యోగి. కలెక్టరు పిలిపించి మందలించారు. మిగిలిన ప్రతులు అగ్నికి ఆహుతి అయ్యాయి. జమానా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచనపై 1910లో ప్రేమ్‌చంద్ అనే కొత్త పేరు వెలసింది. జీతం కోసం రచయిత తన పేరునే వదులుకోవలసి వచ్చింది. ఇదీ జమాఖర్చులో చేరవలసిన పద్దే.

గణితం ఐచ్ఛిక విషయమైన పిమ్మట 1916లో ఇంటర్మీడియట్, 1919లో ఆంగ్ల సాహిత్యం, పారశీకం, చరిత్ర విషయాలుగా అలహాబాదు విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పూర్తి చేశారు. మెట్రిక్ నాటి నుండి ఇరవై సంవత్సరాలకు పైగా పట్టింది. ఇంటివారిని పోషిస్తూ, ఊరూరికి బదిలీ అవుతూ, దాదాపు నలభైయవ ఏట ఆయన పట్టభద్రులయ్యారు.

అదే కాలంలో కలం తెచ్చిపెట్టినదెంత? బాజారె హుస్న్ నవలను ఆయన మొదట ఉర్దూలో వ్రాశారు. కాని 1919లో సేవాసదన్ అనే పేరుతో హిందీలోనే ముందు వెలువడింది. ప్రకాశకుడు నాలుగు వందల యాభై రూపాయలిచ్చాడు. ఉర్దూ ప్రతి 1924లో గాని లాహోరులో అచ్చు కాలేదు. దానికి దక్కినది రెండు వందల యాభై. ఒక మహానవలకు రెండు భాషలలో కలిపి ఏడు వందల రూపాయలు! నెల నెలా బియ్యం తెచ్చినది జీతమే గాని నవల కాదు.

పట్టా చేతికి వచ్చి రెండేళ్ళు నిండకముందే, 1921 ఫిబ్రవరిలో, గోరఖ్‌పూర్‌లో గాంధీజీ ఉపన్యాసం విని ఆయన ప్రభుత్వోద్యోగానికి రాజీనామా చేశారు. లోకం దీనిని నష్టమనవచ్చు. అయితే తరువాత కాన్పూరు మార్వాడీ విద్యాలయంలోను, కాశీ విద్యాపీఠంలోను బోధించి పొట్ట పోసుకొన్నారు. చదివిన చదువు వృథా కాలేదు.

1923లో కాశీలో సరస్వతీ ప్రెస్ నెలకొల్పారు. 1930లో హంస్ పత్రిక ప్రారంభించారు. రెండూ అప్పులే మిగిల్చాయి. వాటిని తీర్చుటకే 1934లో సంవత్సరానికి ఎనిమిది వేల రూపాయల ఒప్పందంపై బొంబాయి వెళ్ళి అజంతా సినీటోన్‌లో చేరారు. ఆయన కలానికి లభించిన గొప్ప వెల అదే. కాని చిత్రసీమ పోకడలకు మనసొప్పక ఏడాది తిరగకముందే కాశీకి మరలివచ్చారు. 1936లో గోదాన్ వెలువడింది. ఆ అక్టోబరు 8న, యాభై ఆరేళ్ళ వయస్సులో, ఆయన తనువు చాలించారు.

ఆయన కఫన్ కథ 1935లో ఢిల్లీ జామియా పత్రికలో ఉర్దూలో వెలువడింది. దాని ఆధారంగానే 1977లో తెలుగులో వచ్చిన ఒక ఊరి కథ చిత్రానికి మృణాల్ సేన్ దర్శకత్వం వహించారు. ఉర్దూలో పుట్టిన కథ తెలుగు మాట్లాడింది. ఈ రెండు భాషలు ఒకే కప్పు క్రింద నేర్చే మన విద్యార్థులకు ఇది గర్వకారణం. ఆ విలువ ఏ ప్రకాశకుని పద్దు పుస్తకంలోను కనిపించదు.

విద్యార్థులారా, ఈ జీవితం నుండి మేము గ్రహించినది ఇది. పట్టా కూడు పెట్టగలదు. కలం కూడు పెట్టునన్న హామీ లేదు. కనుక వ్రాయదలచినవారు పట్టాను చిన్నచూపు చూడరాదు, పట్టా పొందినవారు అదే రచనాశక్తి యని భ్రమపడరాదు. ప్రేమ్‌చంద్‌కు రచన నేర్పినది ఏ కళాశాల కాదు. కాని వ్రాసుకొనుటకు దీపంలో నూనె పోసినది ఆ పద్దెనిమిది, ఇరవై రూపాయల జీతమే.

కళాశాల పాలకవర్గంలోని పెద్దలకు ఒక మనవి. ప్రథమ శ్రేణి రానందున ఫీజు మాఫీ దొరకని పిల్లవాడే ప్రేమ్‌చంద్ అయినాడు. నేడు మన కార్యాలయపు కిటికీ వద్ద ఫీజు గడువు కోసం నిలుచున్న ద్వితీయ శ్రేణి విద్యార్థిలో ఎవరున్నారో మనకు తెలియదు. మాఫీ జాబితా తయారుచేయునపుడు మార్కుల వరుసతో పాటు ఇంటి పరిస్థితి వరుసను కూడ చూడవలసినదిగా ప్రార్థిస్తున్నాము. మన్నించిన ఫీజు ఆ సంవత్సరపు లెక్కలో ఖర్చుగానే కనిపిస్తుంది. అది ఒక యువకుని జీవితంలో ఇరవై సంవత్సరాలను ఆదా చేయవచ్చు.