రైలును కొని తెచ్చిన లెక్కల మనిషి: సర్ అక్బర్ హైదరీ

ఇషా నమాజు అయిపోయి ఖానాపురం హవేలి వీధులు సద్దుమణిగాక ఖమ్మం స్టేషన్ మీదుగా వెళ్లే గూడ్సు బండి కూత చక్కగా వినిపిస్తుంది. డోర్నకల్ నుంచి బెజవాడ దాకా పరచిన ఈ పట్టాల మీద 1889 నుంచి బండ్లు నడుస్తున్నాయి. నిజాం కాలపు రైలు కదా, నిజాం గారిదే అయి ఉంటుందని మన పెద్దలు చాలామంది అనుకునేవారు. 1930 దాకా ఆ రైలు లండన్‌లోని ఒక కంపెనీ చేతిలో ఉండేది. దాన్ని సర్కారు చేతికి తెచ్చిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు నవాబ్ హైదర్ నవాజ్ జంగ్. లోకానికి ఆయన సర్ అక్బర్ హైదరీగానే తెలుసు.

ఆయన కథలోకి వెళ్లే ముందు ఆ కంపెనీ ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు మార్గం 1874లో నిజాం ఖజానా సొమ్ముతోనే తయారైంది. దాన్ని వరంగల్ మీదుగా బెజవాడ దాకా, సింగరేణి బొగ్గు దాకా పొడిగించాలంటే పెట్టుబడి కావలసి వచ్చింది. మొదటి సాలార్ జంగ్ చనిపోయిన 1883లోనే లండన్‌లో ఒప్పందం కుదిరింది. కంపెనీ పెట్టిన సొమ్ముకు ఇరవై ఏళ్ల పాటు ఏడాదికి నూటికి 5 చొప్పున వడ్డీ ఇస్తామని సర్కారు హామీ పడింది. బండి నష్టంలో నడిచినా వాటాదారుడి వడ్డీ ఆగదన్నమాట. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోని ‘గ్యారంటీ’ ఇదే. రైతు కట్టిన శిస్తులోంచే ఆ వడ్డీ వెళ్లాలి. ఈ రైలు పథకం మీద హైదరాబాద్‌లో ఆ ఏడాదే అలజడి లేచింది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు ప్రశ్నలు అడిగారు. అడిగినందుకు అఘోరనాథ్ గారు కొంతకాలం రాజ్యం విడిచి పోవలసి వచ్చింది.

అప్పటికి అక్బర్ హైదరీ బొంబాయిలో పద్నాలుగేళ్ల పిల్లవాడు. 1869 నవంబరు 8న సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పట్టా పుచ్చుకుని, 1888లో బ్రిటిషు ఇండియా ఆర్థిక శాఖలో చేరి, ఊరూరా లెక్కలు చూస్తూ ఎదిగారు. ఆయన భార్య అమీనా బేగం తయ్యబ్జీల ఆడపడుచు. 1908 మూసీ వరదల్లో బాధితులకు చేసిన సేవకు ఆమె కైసరే హింద్ పతకం అందుకున్నారు.

1905లో నిజాం సర్కారు హైదరీని అకౌంటెంట్ జనరల్‌గా అరువు తెచ్చుకుంది. తర్వాత ఫైనాన్స్ సెక్రటరీ, హోం సెక్రటరీ పదవులు వచ్చాయి. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరవడంలో ఆయన పూనిక పెద్దది. ఉర్దూ చదివిన మాకు అది గర్వంగానే ఉంటుంది. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడే తెలుగుకు అంత చోటు దొరకలేదన్నది కూడా మేము దాచకూడదు.

1921లో ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. రైల్వే కూడా ఆయన శాఖలోకే వచ్చింది. అప్పట్లో ఏ శాఖకు ఎప్పుడు సొమ్ము కావలసినా ఖజానా ముందు చేయి చాపేది. హైదరీ ఆ పద్ధతి మార్చారు. 1922 నుంచి ఒక్కో శాఖకు మూడేళ్లకు సరిపడా మొత్తం ముందే ముడివేసి ఇచ్చి, అందులోనే సర్దుకోమన్నారు. మిగిలినదాన్ని కరువుకు ఒక నిధిగా, అప్పు తీర్చడానికి ఒక నిధిగా విడదీసి దాచారు. ఇంటి ఖర్చుల చిట్టా రాసుకునే ఇల్లాలికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఒక రాజ్యానికి దాన్ని అలవాటు చేయడం మాత్రం చిన్న పని కాదు.

ఈలోగా పట్టాలూ పెరిగాయి. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా అడవి అంచున కొత్త మార్గం తెరిచారు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి, ఢిల్లీ–మద్రాసు బండ్లకు మన ప్రాంతం మీదుగా దారి ఏర్పడింది. అంటే రైలు మంచి రాబడి ఇచ్చే దశకు వచ్చింది. సరిగ్గా అప్పుడే, 1930 ఏప్రిల్ 1న, సర్కారు కంపెనీకి సొమ్ము చెల్లించి రైల్వేను కొనుక్కుంది. యుద్ధమూ దౌర్జన్యమూ లేకుండా, లెక్కల పుస్తకం పట్టుకునే ఆ పని నెరవేర్చారు. గ్యారంటీ అన్న మాట పేరులోంచి పోయి అది నిజాం స్టేట్ రైల్వే అయింది.

కొన్నాక ఊరుకోలేదు. రైలుకు పోటీగా రోడ్ల మీద మోటారు బండ్లు వస్తున్న కాలం. రైలూ బస్సూ ఒకదాన్నొకటి దెబ్బతీసుకోకుండా రెంటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 1932 జూన్‌లో రైల్వేకే రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. మొదట 27 బస్సులు, 166 మంది సిబ్బంది, అంతే.

పదవులు పెరిగేకొద్దీ ఆయనకు లెక్కకు అందని సమస్యలూ ఎదురయ్యాయి. 1937 నుంచి 1941 వరకు ప్రధానమంత్రిగా ఉన్నారు. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను నిషేధించింది ఆయన ప్రభుత్వమే. ఆ ఏడాదే వందేమాతరం పాడిన విద్యార్థులను ఉస్మానియా నుంచి వెళ్లగొట్టారు. వారిలో పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. ప్రతి పైసాకు జవాబు చెప్పించిన మనిషి ప్రజల ప్రశ్నకు అంత ఓపిక చూపలేదని మాకు తోస్తుంది. ఆయన గొప్పతనం చెబుతూ ఈ ముక్క వదిలేస్తే అది న్యాయం కాదు.

1941లో వైస్రాయి మండలిలో సభ్యునిగా ఢిల్లీ వెళ్లిన హైదరీ 1942 జనవరి 8న కన్నుమూశారు. ఆయన కొనిపించిన రైల్వే 1951లో మధ్య రైల్వేలోను, 1966లో దక్షిణ మధ్య రైల్వేలోను కలిసింది. 27 బస్సుల శాఖ 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది.

కొత్తగూడెం స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. ఆ మార్గం వేసిన నాటికి భద్రాచలం నిజాం రాజ్యంలో లేదు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పట్టాలు గోదావరి దాకా వెళ్లనే లేదు. రాముడి గుడికి వెళ్లే యాత్రికులు ఆ స్టేషన్‌లో బండి దిగి, మిగతా సుమారు నలభై కిలోమీటర్లకు బస్సు ఎక్కుతారు.