ఆమడల లెక్కన కాశీ దాకా – ఏనుగుల వీరాస్వామయ్య గారు

మన బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రహదారి మద్రాసు నుంచి కలకత్తాకు పోతూ ఉంటుంది, ఇంకొకటి బందరు నుంచి హైదరాబాదు వైపు తిరుగుతుంది. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో బోర్డు మీద రాసి ఉంటుంది కనుక మనకు చింత లేదు. మరి ఆ బోర్డులు లేని రోజుల్లో చెన్నపట్నం నుంచి కాశీ ఎంత దూరమో అడుగడుగునా లెక్క రాసి పెట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య గారు.

ఆయన కూడా మనలాగే ఉద్యోగి. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, చదువు పూర్తిగా సాగకముందే కొలువులో చేరి, స్వయంకృషితో మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. 1830 మే 18న సుమారు నూరుమంది పరివారంతో, పల్లకీలో కాశీకి బయలుదేరారు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే ఆయనకు బోయీల భుజాలే బండి.

వెళ్లేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరుల గుండా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మొత్తం పదిహేను నెలల పైచిలుకు. తిరుగు ప్రయాణంలో ఆయన దిగి వచ్చిన కోస్తా దారికే చాలావరకు దగ్గరగా నేటి 16వ నంబరు జాతీయ రహదారి సాగుతున్నది.

ఇంత దూరాన్ని కొలిచినది ఆమడలతో. ఆమడ అంటే ప్రాంతాన్ని బట్టి ఎనిమిది మైళ్లు మొదలు పది మైళ్ల దాకా. ఉత్తరాదిలో కోసులు వాడుక. కోసు సుమారు రెండు మైళ్లంటారు గాని అదీ ఊరూరికీ మారేదే. సర్వీసులో టి.ఎ. బిల్లు రాసిన మనకు ఈ లెక్క చూస్తే నవ్వు వస్తుంది. ఏ ఆడిటు వారూ ఒప్పుకోరు! కాని వీరాస్వామయ్య గారికి ఆ కొలతే సరిపోలేదు. మజిలీకీ మజిలీకీ నడుమ దూరంతో పాటు దారి ఇసుకా, రాయా, అడవా, ఏరు దాటాలా, బస ఉందా, అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా అన్నదీ రాశారు. రెండు ఆమడలైనా ఘాటు ఎక్కవలసి వస్తే బోయీలకు అది రోజంతా పని. మైదానమైతే అదే దూరం మధ్యాహ్నానికి ముగుస్తుంది. వెనుక వచ్చే యాత్రికునికి కావలసినది ఈ వివరమే. నా మట్టుకు ఆయన గొప్పతనం భక్తిలో కన్నా ఈ ఓపికలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ సంగతులన్నీ దారి నుంచే మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి జాబులుగా పంపారు. 1836 అక్టోబరు 3న వీరాస్వామయ్య గారు కాలధర్మం చెందారు. పిళ్లె గారు శ్రద్ధ తీసుకొని 1838లో కాశీయాత్ర చరిత్రను అచ్చు వేయించారు. తన పుస్తకాన్ని ఆయన అచ్చులో చూసుకోలేదు.

ఆ తరువాత ప్రతులు దొరకని స్థితి వస్తే, మన బెజవాడ న్యాయవాది, చరిత్రకారులు దిగవల్లి వేంకట శివరావు గారు పీఠికతో 1941లో మళ్లీ వెలికి తెచ్చారు. నేడు మనం చదవగలుగుతున్నామంటే ఆ కృషి వల్లనే. మనుమలు ఊరు వచ్చినప్పుడు ఆ పుస్తకం ఒక పక్క, దేశపటం ఒక పక్క పెట్టుకొని మజిలీలు ఒక్కొక్కటే గుర్తు పెట్టించండి. కడప దాటేసరికే పిల్లలు ఇంకా ఎంత దూరమని అడుగుతారు.