మట్టికి మర్యాద తెచ్చిన వాస్తుశిల్పి హసన్ ఫత్హీ

అన్నవస్త్రాల తరువాత మానవునికి అత్యవసరమైనది ఇల్లు. పక్షి తన గూటిని తానే అల్లుకొన్నట్లు, శతాబ్దాల తరబడి గ్రామీణుడు తన ఇంటిని తన ఊరి మట్టితో తానే కట్టుకొన్నాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పద్ధతి మారింది. ఇల్లు అనగానే సిమెంటు, ఇనుము, గుత్తేదారు, అప్పు అనే మాటలే స్ఫురించసాగాయి. వీటిని కొనలేని నిరుపేదకు మార్గమేది? ఈ ప్రశ్నను జీవితాంతం తన భుజాలపై మోసిన మహనీయుడు ఈజిప్టు దేశపు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ. ఆయన జీవితంలో కీర్తి ఉన్నది, ఘోరమైన పరాజయమూ ఉన్నది. రెండింటిలో పరాజయమే మనకు ఎక్కువ పాఠాలు చెబుతుంది.

హసన్ ఫత్హీ 1900వ సంవత్సరం మార్చి 23న అలెగ్జాండ్రియా నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రికి పల్లెలలో భూములున్నా, పల్లె అంటే ఈగలు, రోగాలు, మురికినీరు అని ఆయన అటు పోయేవాడు కాదు. తల్లి మాత్రం బాల్యాన్ని పల్లెలో గడిపిన మనిషి. ఆమె చెప్పిన పల్లె ముచ్చట్లు పిల్లవాని మనస్సులో ఒక స్వర్గాన్ని సృష్టించాయి. వ్యవసాయ విద్య అభ్యసించాలని ఆయన కోరిక. కాని పొలంలో కాలు పెట్టి ఎరుగని నగరవాసి కావడంచేత, పైరులను గూర్చి పరీక్షకులు వేసిన సామాన్య ప్రశ్నలకు సైతం జవాబు చెప్పలేకపోయాడు. ఆ ద్వారం మూతపడగా వాస్తువిద్యలో చేరి, 1926లో కైరోలో పట్టభద్రుడైనాడు.

పురపాలక వ్యవహారాల శాఖలో ఉద్యోగం దొరికింది. నైలు నది డెల్టాలోని తల్ఖా అనే చిన్న పట్టణంలో పాఠశాల నిర్మాణాన్ని పర్యవేక్షించడానికి వెళ్ళినప్పుడు, తల్లి మాటలలోని స్వర్గం ఆయనకు కనిపించలేదు. ఇరుకు సందులు, బురద, రోగగ్రస్తులైన మనుషులు, కూలడానికి సిద్ధంగా ఉన్న గుడిసెలు కనిపించాయి. తమ సొంత భూములలో పనిచేసే రైతుల నివాసాలను చూచినప్పుడు కలిగిన సిగ్గు ఆయనను జీవితాంతం విడువలేదు. 1930లో లలితకళా పాఠశాలలో అధ్యాపకుడై, పల్లె ఇంటి సమస్యను తన అధ్యయన విషయంగా చేసికొన్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుము, కలప దొరకడం గగనమైపోయింది. 1941లో కైరో సమీపాన బహ్తీం అనే చోట ఒక వ్యవసాయ క్షేత్రానికి గృహాలు నిర్మించే బాధ్యత ఆయనపై పడింది. గోడలకు మట్టి ఉన్నది. ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలున్నవి. కాని ఇంటికి కప్పు ఏది? దూలాలకు కలప లేదు. ఇటుకలతోనే కమాను కప్పు వేద్దామన్నా, దాని క్రింద సెంట్రింగు పెట్టడానికీ కలపే కావాలి. ఆధారం లేకుండా వేయించిన కప్పులు కూలిపోయాయి. పుస్తకాల విద్య అక్కడ నిలిచిపోయింది.

అప్పుడు ఆస్వాన్ ఆనకట్టపై పనిచేస్తున్న ఆయన సోదరుడు ఒక వార్త తెలియజేశాడు. దక్షిణాన నూబియా ప్రాంతంలో తాపీ మేస్త్రీలు ఏ ఆధారమూ లేకుండా మట్టి ఇటుకలతో కప్పులు వేస్తున్నారని ఆ వార్త సారాంశం. హసన్ ఫత్హీ వెంటనే ఆస్వాన్ వెళ్ళాడు. గర్బ్ ఆస్వాన్ గ్రామంలో ఆయన చూచినవి తెల్లని సున్నంతో, చిత్రాలతో అలంకరించిన, ఎత్తైన కమాను కప్పుల ఇళ్ళు. ఆ ఇళ్ళవారు మనవారికంటె ధనవంతులు కారు. లక్సర్ సమీపంలో రెండవ రామ్సెస్ కాలపు ధాన్యాగారాల మట్టి కప్పులు సుమారు 3200 సంవత్సరాల తరువాత కూడ నిలిచి ఉండడం చూచి, మట్టి బలహీనమైనదనే అపోహ ఆయనలో పటాపంచలైంది.

ఆ మేస్త్రీల పద్ధతి చూడడానికి సులువు; ఆలోచిస్తే అద్భుతం. గదికి ఒక చివర గోడను ఎత్తుగా లేపుతారు. దానిపై మట్టితో కమాను వంపును కంటికొలతతోనే గీస్తారు. కప్పుకు వాడే ఇటుకలలో గడ్డి ఎక్కువగా కలిపి వాటిని తేలిక చేస్తారు. తడిగా ఉన్నప్పుడే ఇటుక ముఖంపై వ్రేళ్ళతో గాళ్ళు గీస్తారు. అందువల్ల అడుసు గట్టిగా పట్టుకొంటుంది. మొదటి వరుసను గోడకు వాలుగా ఆనించి, తరువాతి వరుసలను ఒకదానిపై ఒకటి వాల్చుతూ పోతారు. ప్రతి వరుసకు దాని వెనుకటి వరుసే ఆధారం. ఆ వంపు వలన కప్పులోని బరువంతా ఒత్తిడి రూపంలోనే గోడలలోనికి దిగుతుంది. మట్టి లాగుడును భరించలేదు గాని, ఒత్తిడిని చక్కగా భరిస్తుంది. ఇద్దరు మేస్త్రీలు రెండు దినాలైనా పట్టకుండా ఒక గది కప్పును ముగించేవారు. చదువుకొన్న వాస్తుశిల్పి చదువురాని మేస్త్రీల ముందు శిష్యుడైనాడు. ఆయన గొప్పతనానికి ఇదే తొలి నిదర్శనం.

కొద్ది సంవత్సరాలలో ఆయనకు పెద్ద అవకాశం లభించింది. లక్సర్‌కు ఎదురుగా, నైలు నది పడమటి గట్టున ఉన్న గుర్నా ప్రజలు ప్రాచీన ప్రభువుల సమాధులపైనే ఇళ్ళు కట్టుకొని నివసించేవారు. ఐదు పల్లెలు, సుమారు 7000 జనం. సమాధులలోని వస్తువులను తవ్వి అమ్ముకోవడం, యాత్రికులకు త్రోవ చూపడం వారి జీవనాధారాలు. రాతిలో చెక్కిన ఒక శిల్పఫలకం మొత్తంగా అపహరణకు గురికావడంతో ప్రభుత్వం మేల్కొన్నది. ఊరిని మొత్తం ఖాళీ చేయించి, దిగువన పొలాలలో 50 ఎకరాల స్థలంలో నూతన గ్రామం నిర్మించాలని పురావస్తు శాఖ సంకల్పించి, 1945లో ఆ పనిని హసన్ ఫత్హీకి అప్పగించింది.

గీత గీసినట్లు ఒకే మూసలో వరుస ఇళ్ళు కట్టడం ఆయనకు సమ్మతం కాలేదు. బంధువర్గాలవారు ఒకచోట ఉండేటట్లు, వారి ఇళ్ళన్నీ ఒక ముంగిలి చుట్టూ అమరేటట్లు రూపకల్పన చేశాడు. ఇంటి మధ్య ఆకాశానికి తెరచిన సహన్, స్త్రీలకు మరుగు, పశువులకు చోటు ఏర్పరచాడు. మసీదు, సంత, బాలబాలికలకు వేరువేరు పాఠశాలలు, నాటకశాల కూడ ప్రణాళికలో చేర్చాడు. కాలువలలో ఈదే పిల్లలకు బిల్హార్జియా వ్యాధి సోకుతున్నదని గ్రహించి, వారికోసం సురక్షితమైన కొలనును ఉద్దేశించాడు. ఊరి యువకులను నూబియా మేస్త్రీల వద్ద పనిలో చేర్చి విద్య నేర్పించాడు.

గాలిని పట్టే గోపురాల వంటి మల్కఫ్‌లను ఆయన పునరుద్ధరించాడు. కప్పుపైన గాలివాటుకు తెరచిన ఈ గూడు, పైన వీచే చల్లని గాలిని పట్టి గదిలోనికి దించుతుంది. పాఠశాలలో ఆ గాలిదారిలో తడి బొగ్గుల పలకలు అమర్చినందున లోపలి వేడిమి 10 డిగ్రీల వరకు తగ్గింది. వేసవిలో వట్టివేళ్ళ తడికలకు నీళ్ళు చల్లుకొనే మనకు ఈ రహస్యం క్రొత్తది కాదు. విద్యుత్తు అవసరం లేని ఈ చల్లదనం పేదవానికి సైతం అందుబాటులో ఉండడమే అందలి విశేషం.

కాని గుర్నా ప్రజలు నూతన గ్రామానికి రాలేదు. ప్రభుత్వ కార్యాలయాలలో జాప్యం, అనుమానం, సహాయ నిరాకరణ ఒకవైపు; ఊరివారి మౌన వ్యతిరేకత మరొకవైపు. ఒక రాత్రి ఎవరో కాలువగట్టును తెగగొట్టి క్రొత్త ఊరిపైకి నీరు వదిలారు. మట్టి ఇళ్ళకు నీటికంటె శత్రువు లేదు. గండిని పూడ్చడానికి ఊరివారు ముందుకు రాలేదు. 1948 నాటికి పనులు నిలిచిపోయాయి. ఉద్దేశించిన ఇళ్ళలో అల్పభాగం మాత్రమే పూర్తి అయింది.

ఈ పరాజయానికి కారకులెవరు? అధికారులను నిందించడం సులభం. హసన్ ఫత్హీ కూడ వారిని తీవ్రంగా విమర్శించాడు. ప్రజలు అజ్ఞానులని త్రోసిపుచ్చడం ఇంకా సులభం. నిజం ఈ రెండింటికీ అవతల ఉన్నది. ఇల్లు ఎట్లా ఉండాలని ఆయన ప్రజలను అడిగాడు. అసలు ఊరు విడిచి రావడం వారికి ఇష్టమా అని ఎవరూ అడగలేదు. కొండపైనున్న జీవనాధారాన్ని వదిలిన తరువాత క్రింద ఏమి తిని బ్రతకాలి అనే ప్రశ్నకు, చేతిపనులు నేర్పాలని ఆయన యత్నించినా, తగిన సమాధానం దొరకలేదు. గుమ్మటం సమాధులకు తగినదే గాని సజీవుల ఇంటికి తగదని భావించినవారు కూడ ఉన్నారు. బలవంతపు తరలింపు అనే పునాదిపై ఎంత అందమైన ఇల్లు కట్టినా అది నిలువదు.

మనస్సు విరిగిన హసన్ ఫత్హీ 1957లో స్వదేశం విడిచి, ఏథెన్సు నగరంలో డాక్సియాడిస్ సంస్థలో కొన్ని సంవత్సరాలు పనిచేశాడు. తిరిగి వచ్చి, 1965లో పశ్చిమ ఎడారిలోని ఖార్గా ఒయాసిస్సులో బారిస్ అనే నూతన గ్రామానికి శ్రీకారం చుట్టాడు. 1967 యుద్ధం ఆ పనిని కూడ మధ్యలో ఆపివేసింది. గట్టిన గ్రామాలు రెండూ అసంపూర్ణంగా మిగిలిన మనిషి అప్పుడు కలాన్ని ఆశ్రయించాడు. గుర్నా కథను గ్రంథంగా వ్రాసి 1969లో కైరోలో ప్రకటించాడు. అదే గ్రంథం 1973లో చికాగో విశ్వవిద్యాలయం ద్వారా పేదల వాస్తుశిల్పం అనే అర్థం వచ్చే పేరుతో వెలువడి ప్రపంచమంతటా పాఠకులను సంపాదించింది. ఒంటరివాడు ఒక్క ఇల్లు కట్టుకోలేకపోయినా, పదిమంది కలిస్తే పది ఇళ్ళు కట్టుకోగలరనే సహకార సిద్ధాంతం ఆయన బోధలకు ప్రాణం. నిపుణుడు, మేస్త్రీ, గృహస్థుడు ముగ్గురూ కలిసి నిర్ణయించాలని ఆయన అభిమతం.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినా మెండుగా వచ్చాయి. 1980లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కార సంస్థ ఆయనకు అధ్యక్షుని ప్రత్యేక పురస్కారం సమర్పించింది. ప్రత్యామ్నాయ నోబెల్‌గా ప్రసిద్ధమైన రైట్ లైవ్లీహుడ్ పురస్కారం కూడ ఆ సంవత్సరమే లభించింది. వయస్సు ఎనభై దాటినా నూబియా మేస్త్రీలను వెంటబెట్టుకొని అమెరికాలోని న్యూ మెక్సికోకు వెళ్ళి, అబిక్యూలో మట్టి ఇటుకల మసీదు నిర్మాణానికి సారథ్యం వహించాడు. 1984లో అంతర్జాతీయ వాస్తుశిల్పుల సమాఖ్య స్వర్ణపతకాన్ని బహూకరించింది. కైరో కోట సమీపంలోని ప్రాచీన గృహంలో నిరాడంబరంగా జీవించి, 1989 నవంబరు 30న ఆయన కన్నుమూశాడు.

తరువాతి కథ కూడ చెప్పడం ధర్మం. ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట 1970లో పూర్తి అయిన తరువాత నైలు నది ఏటేటా తెచ్చే ఒండ్రు పొలాలకు రావడం ఆగిపోయింది. పొలం మట్టిని ఇటుకలకు వాడడాన్ని 1980 దశకంలో చట్టం నిషేధించింది. భూగర్భజలం పైకి వచ్చి, ఉప్పు గోడలను తినివేసింది. నూతన గుర్నాలో అనేక ఇళ్ళ స్థానంలో కాంక్రీటు కట్టడాలు లేచాయి. 2010లో ప్రపంచ కట్టడాల పరిరక్షణ నిధి దానిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. కొండపై ఉన్న పాత గుర్నా ఇళ్ళను మాత్రం 2006 చివరినుండి ప్రభుత్వం యంత్రాలతో కూల్చివేసి, ప్రజలను వేరొక చోటికి తరలించింది. అరవై సంవత్సరాలు గడచినా పాత తప్పే పునరావృతమైంది.

విద్యార్థి మిత్రులారా! హసన్ ఫత్హీ జీవితం నుండి అంతటా మట్టితోనే కట్టాలనే పాఠం తీసికొంటే పొరపడినట్లే. వాన ఎరుగని ఎగువ ఈజిప్టు వేరు. 1977 నవంబరు ఉప్పెనలో మట్టి గోడలు కరిగిపోయిన మన దివిసీమ వేరు. రాయలసీమ మిద్దెకు, కోస్తా చుట్టింటికి, తెలంగాణా పెంకుటింటికి, పాత హైదరాబాదు దేవిడీకి వేరువేరు రూపాలున్నవి. ఆయా నేల, ఎండ, వాన, గాలి వాటిని తీర్చిదిద్దినవి. ఆ తెలివిని ముందుగా నేర్చుకొని, లోపాలను శాస్త్రజ్ఞానంతో సవరించడమే ఆయన చూపిన మార్గం.

రేపు మీలో కొందరు ఇంజనీర్లు, కొందరు పురపాలక అధికారులు, కొందరు ప్రజాప్రతినిధులు కాగలరు. పేదల గృహ ప్రణాళిక మీ బల్లపైకి వచ్చినప్పుడు, ఎన్ని ఇళ్ళు, ఎంత వ్యయం అనే లెక్కలతో పాటు, అందులో నివసించబోయే మనిషి రేపు ఎక్కడ పనిచేసి, ఏమి సంపాదించి బ్రతుకుతాడో విచారించండి. ఊరు కదిలించే ముందు ఊరివారిని అడగండి. హసన్ ఫత్హీ వంటి ప్రతిభావంతుడే ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఓడిపోయాడని జ్ఞాపకం ఉంచుకొంటే, ఆయన ఓటమి వ్యర్థం కాదు.