అన్నమును బలముగా మార్చు నాణెము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మధ్యాహ్నము తిన్న అన్నము సాయంకాలము ఆటస్థలమున పరుగెత్తుటకు బలమెట్లగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానములో నొక ముఖ్యభాగమును లోకమునకు తెలిపినవారిలో మన తెలుగువాడొకడు కలడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడు అంతటివాడెట్లయ్యెనో విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగియున్నది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట కలిమి లేదు. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోగా, పెద్దలు పట్టి తెచ్చిరి. తండ్రి గతించిన పిదప తల్లి తన నగలమ్మియైనను కుమారుని చదివింప బూనెను. తుదకు మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి ఆయన కృతార్థులైరి.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. యౌవనముననే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొద్దిదినముల వ్యవధిలో మరణించిరి. ఆ దుఃఖము ఆయనను విడువలేదు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునకు ఆగ్రహము కలిగెను. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. అయినను అధైర్యపడక, అమెరికాదేశమునందలి బోస్టన్ నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశపు వ్యాధులను గూర్చి చదివిరి. పొట్టపోసికొనుటకై ఆసుపత్రిలో రోగుల మలపాత్రలు కడుగు పనియు చేసిరి.

హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్కు అను పండితునితో కలిసి పరిశోధనకు దిగిరి. దేహద్రవములలో భాస్వరమెంత యున్నదో కొలుచు పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించిరి. ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చగా నీలివర్ణము పుట్టును. నీలమెంత చిక్కనైన భాస్వరమంత యధికమని లెక్క. అయితే కండరములనుండి తీసిన రసమును పరీక్షించునపుడు నీలివర్ణము వెంటనే పూర్తిగా రాక, కొంచెము కొంచెముగా చిక్కబడుచు వచ్చెను. మరియొకరైనచో పరీక్ష చెడెనని ఆ రసమును పారబోసియుందురు. వీరు ఆ యాలస్యమునకు కారణమేమని వెదకిరి. కండరములోని భాస్వరములో కొంతభాగము క్రియాటిన్ అను పదార్థముతో ముడివడియున్నదనియు, ఆ ముడి మెల్లగా విడిపోవుటచే రంగు ఆలస్యమగుచున్నదనియు కనుగొనిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకమునకు తెలిసినది ఇట్లు. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులును అదే సంవత్సరము దీని జాడను వేరుగా పట్టిరి. 1929లో సుబ్బారావుగారును ఫిస్కును అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి., యను పదార్థమును కండరములనుండి వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అను పండితుడును ఆ సంవత్సరమే దానిని కనుగొనెను.

ఈ పదార్థముల పని యేమి? మన హుజూర్‌నగర్ ప్రాంతపు రైతు గాదెలో పుట్లకొలది వడ్లుండవచ్చును. కాని అంగడిలో ఉప్పు కొనుటకు ఆయన గాదెను మోసికొనిపోడు. వడ్లమ్మి, చిల్లర చేత బట్టుకొని పోవును. మనము తిన్న అన్నము గాదెలోని వడ్లవంటిది. అది జీర్ణమై గ్లూకోజు అను చక్కెరయై రక్తముద్వారా కణములకు చేరును. కణములో నది మొదట రెండు తునుకలగును; పిదప మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో, మనము పీల్చిన ప్రాణవాయువు సాయమున, బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారును. పొయ్యిలో కట్టెవలె ఒక్కసారి మండక, ఈ దహనము మెట్టు మెట్టుగా జరుగును. అపుడు వెలువడు శక్తిలో కొంత వేడిగా పోగా, మిగిలినది ఏ.టి.పి. అను చిల్లరగా మారును. ఒక్క గ్లూకోజు అణువునుండి సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభించును. కండరము ముడుచుకొన్నప్పుడెల్ల వ్యయమగునది ఈ చిల్లరయే. వేగముగా పరుగెత్తునపుడు చేతిలోని చిల్లర కొన్ని క్షణములకే చాలును. అపుడు రొండిన దోపుకొన్న డబ్బువలె ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే ఆదుకొనును.

అంతవరకు కండరబలమునకు లాక్టికామ్లమే మూలమని పండితులు తలచియుండిరి. 1930లో డెన్మార్కుదేశపు లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లము పుట్టకుండగనే కండరము పనిచేయునని చూపగా, సుబ్బారావుగారు కనుగొన్న పదార్థముల ప్రాముఖ్యము తేటపడెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు నాయకులైరి. 1945లో ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది మందయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును, పిల్లల రక్తపు క్యాన్సరును కొంతకాలమైన నిలుపగల అమినోప్టెరిన్‌ను వెలువడినదియు ఆ ప్రయోగశాలనుండియే. హెట్రజాన్ మందును మన తెలుగుజిల్లాలు పెక్కింట ప్రభుత్వమువారు ఇంటింట పంచిపెట్టిరి. పుచ్చుకొన్నవారిలో నెందరు ఆయన పేరు విని యుందురు?

1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన నిద్రలోనే కన్నుమూసిరి. దేశము విడిచినది మొదలు తిరిగి స్వదేశమును చూడలేదు. భార్య శేషగిరిగారు భారతదేశముననే ఉండిపోయిరి. నోబెల్ బహుమానము ఆయనను వరింపలేదు. భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించినది 1995లో, శతజయంతి సందర్భమున మాత్రమే.

విద్యార్థులారా! పరీక్ష తప్పినంతమాత్రమున జీవితము తప్పిపోదని ఈ చరిత్ర తెలుపుచున్నది. అంతకు మించిన పాఠమొకటి ఆ నీలివర్ణములో నున్నది. ప్రయోగశాలలో మీకు వచ్చిన ఫలితము పుస్తకములోని ఫలితముతో సరిపోనపుడు, ప్రక్కవాని పుస్తకము చూచి దిద్దుకొనకుడు. ఎందుకిట్లయ్యెనని ఒక్క క్షణము ఆగి చూడుడు. సుబ్బారావుగారు ఆగి చూచినది ఆ యాలస్యమునే.